మీ తాతయ్య బిళ్ళ

లేదు నాన్నా, నా దగ్గర లేదు. పెట్టెలోనూ లేదు, మీ మావయ్య బీరువాలోనూ లేదు. ఉంటే మొన్న ఫోన్‌లోనే చూపించేదాన్ని కదా. మీ క్లాసులో ఎవరో పిల్లాడు వాళ్ళ నాన్న నేవీ కాయిన్ తెచ్చి అందరికీ చూపిస్తే, "మా తాతయ్యకి కూడా ఇచ్చారు" అన్నావట. నువ్వు అబద్ధం చెప్పలేదు. ఇచ్చారు. అది ఎక్కడుందని నువ్వు అడిగితే మాత్రం ఫోన్‌లో చెప్పలేకపోయాను. "కోపంగా ఉన్నావా అమ్మమ్మా?" అని కూడా అడిగావు. ఉన్నాను. నీ మీద కాదు. అందుకే ఇది రాసి పంపుతున్నాను. మీ అమ్మ చదివి వినిపిస్తుంది. తను ఎక్కడైనా ఆగిపోతే, ఆగనివ్వండి.

నాది పెద్ద గొంతు కాదని మీకు తెలుసు. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేస్తే వెనక వరసలవాళ్ళు "మైకు దగ్గరగా పెట్టుకోండమ్మా" అంటారు. గొంతు చిన్నదైతే కోపం కూడా చిన్నదే అనుకుంటారు జనం.

ముందు ఆ బిళ్ళ సంగతి చెప్తాను. మిలిటరీ వాళ్ళకి అదొక ఆచారం. ఒక్కో దళానికి ఒక్కో బిళ్ళ ఉంటుంది. మామూలు నాణెం కంటే పెద్దది, బరువైనది. ఒకవైపు దళం గుర్తు, ఇంకోవైపు ఏ పక్షో, కత్తో. దానితో ఏమీ కొనలేరు. బాగా పని చేసినవాడికి పెద్ద ఆఫీసరు ఇస్తాడు. అదైనా స్టేజీ ఎక్కించి, దండ వేసి ఇవ్వరు. అరచేతిలో దాచుకుని వచ్చి, షేక్‌హ్యాండ్ ఇస్తూ అవతలివాడి చేతిలోకి జార్చేస్తారు. చుట్టూ ఉన్నవాళ్ళకి తెలియనే తెలియదు. ఇచ్చిన చేతికీ, పుచ్చుకున్న చేతికీ తెలుస్తుంది.

పుచ్చుకున్నవాడు దాన్ని ఎప్పుడూ జేబులో ఉంచుకోవాలి. ఎందుకంటే నలుగురూ కూర్చున్నచోట ఒకడు తన బిళ్ళ తీసి బల్లమీద టక్కుమని కొడితే, మిగతావాళ్ళు కూడా తమ బిళ్ళలు తీసి చూపించాలి. చూపించలేనివాడు ఓడిపోయినట్టు. అందరికీ తాగడానికి అతనే తెప్పించాలి. అందరూ చూపించేస్తే, కొట్టినవాడే తెప్పించాలి. సైన్యంవాళ్ళ సరదా.

మీ తాతయ్యకి ఇదేమీ తెలియదు. ఆయనకి తెలిసింది ఏసీలు.

అప్పట్లో మేము ఇక్కడే దోహాలో, అల్ దోహా అల్ జదీదా అనే పేటలో ఉండేవాళ్ళం. ఒక పాత విల్లాని చెక్క గోడలు పెట్టి ముక్కలు చేసి అద్దెలకిచ్చారు. అందులో ఒక గది మాది. నేను ఆ గదిలోనే జాకెట్లు కుట్టేదాన్ని. మీ తాతయ్యది ఎడారిలో ఉన్న అమెరికా వాళ్ళ బేస్‌లో డ్యూటీ. ఆయనకి జీతమిచ్చేది వాళ్ళు కాదు, వాళ్ళకి మనుషుల్ని సప్లై చేసే కంపెనీ. ఆ కంపెనీలో మీ తాతయ్య పైన సూపర్‌వైజరు ఒకాయన ఉండేవారు. మన గోదావరి వైపు ఆయనే, మన చర్చి ఆయనే. నేను ఆయన్ని అన్నయ్యగారు అని పిలిచేదాన్ని. ఇప్పటికీ నోటికి ఆ మాటే వస్తుంది. దానికీ నాకు ఒళ్ళు మండుతుంది.

కంపెనీ రూలు గట్టిది. బేస్‌లోంచి ఒక స్క్రూ కూడా బయటికి రాకూడదు. సోల్జర్లు టిప్పు ఇస్తే తీసుకోకూడదు. గేటు దగ్గర సంచులు విప్పి చూసేవారు. లాండ్రీలో పని చేసే ఒక నేపాలీ ఆయన సంచిలో టార్చిలైటు దొరికింది. సోల్జరే ఇష్టపడి ఇచ్చాడని ఎంత మొత్తుకున్నా వినకుండా ఆయన్ని ఇంటికి పంపేశారు. అప్పటినుంచీ మీ తాతయ్య గేటు దగ్గర సంచిని తిరగేసి దులిపి మరీ చూపించేవారు. టిఫిన్ డబ్బా మూత కూడా తీసి చూపించేవారు.

ఒక ఆగస్టులో, బేస్‌లోని క్లినిక్‌లో మందులు పెట్టే చల్లగది ఆగిపోయింది. మిషను పైకప్పు మీద ఉంది. మిట్టమధ్యాహ్నం. వేసవిలో ఆ వేళప్పుడు మనుషులతో ఎండలో పని చేయించకూడదని ఈ దేశంలో రూలుంది. టార్చిలైటు రూలు తెలిసిన అన్నయ్యగారికి ఈ రూలు తెలియకుండా పోదు.

"ఎమర్జెన్సీ తమ్ముడూ. యల్లా, ఎక్కు," అన్నారట, వ్యాన్‌లో ఏసీ ముందు కూర్చుని.

మీ తాతయ్య ఎక్కారు. నిచ్చెన పట్టుకోవడానికి ఇంకొకాయన ఉన్నాడు, జగిత్యాల వైపు ఆయన. బిర్కత్ అల్ అవామిర్‌లో కంపెనీ లేబర్ క్యాంప్‌లో ఉండేవాడు. మీ తాతయ్యని అన్నా అనేవాడు, నన్ను వదినా అనేవాడు. అతను కింది నుంచి నీళ్ళలో ముంచిన గుడ్డలు విసురుతుంటే మీ తాతయ్య అవి తలకి చుట్టుకుంటూ పని చేశారు. మధ్యలో కాలు జారి, పడిపోకుండా ఆపుకోబోయి, అప్పుడే మంటతో అతుకు వేసిన రాగి గొట్టాన్ని కుడిచేత్తో పట్టేసుకున్నారు. అరచేతి చర్మం దానికి అంటుకుపోయింది. అప్పుడూ దిగలేదు. గుడ్డ చుట్టుకుని మిషను తిరిగేదాకా అక్కడే ఉన్నారు.

దిగాక, ఆ క్లినిక్ పెద్ద డాక్టరు బయటికి వచ్చింది. ఆడ ఆఫీసరు. నేరుగా మీ తాతయ్య దగ్గరికొచ్చి చెయ్యి చాచింది. కుడిచెయ్యి ఇవ్వలేక, ఇవ్వకపోతే మర్యాద కాదని, సిగ్గుపడుతూ ఎడమచెయ్యి ఇచ్చారు మీ తాతయ్య. ఆవిడ ఆ ఎడమచేతినే రెండు చేతులా పట్టుకుని ఏదో చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. చెయ్యి తెరిచి చూసుకుంటే బిళ్ళ.

అన్నయ్యగారు అప్పుడు వ్యాన్ దిగారు.

"ఏంటది తమ్ముడూ?"

"టిప్పేమోనండి. తీసుకోకూడదు కదా. మీరే ఉంచండి."

"మంచి పని చేశావ్. గేటు దగ్గర దొరికి ఉంటే నీ పని అయిపోయేది. నేను ఆఫీసులో అప్పజెప్తాలే."

అలా ఇచ్చేశారు. మీ క్లాసులో పిల్లాడి నాన్న అలా ఇస్తాడా? వాళ్ళకి ఎవరైనా చేతిలో ఏదైనా పెడితే అది మెప్పని తెలుసు. మనవాళ్ళకి ఎవరైనా చేతిలో ఏదైనా పెడితే ముందు గేటు గుర్తొస్తుంది.

ఇంటికొచ్చాక ఆ చేతికి మందు రాస్తుంటే, మీ తాతయ్య నవ్వుతూ చెప్పారు. "దాని మీద కర్రకి చుట్టుకుని పాములున్నాయే. ఏ దేశం డబ్బో ఏమో!" అన్నారు.

ఇక్కడ సెలవు శుక్రవారం కదా, ఆ శుక్రవారం ఆరాధన అయ్యాక జగిత్యాల ఆయన మా ఇంటికి భోజనానికి వచ్చాడు. చేపల పులుసు వడ్డించాను. తింటూ తింటూ, "అన్నా, బిళ్ళ జర సూపియ్యే," అన్నాడు.

"అన్నయ్యగారికి ఇచ్చేశానయ్యా. టిప్పు తీసుకోకూడదుగా!"

అతని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "టిప్పా? అన్నా, నీకు దండం పెడ్త. అది ఫులూస్ కాదే, పైసలు కాదు. అది ఇజ్జత్!" అని నా వైపు తిరిగాడు. "వదినా, బేస్ల కటింగ్ షాపాయన అద్దం కింద గసొంటియి వరుసగ పెట్టుకున్నడు. సోల్జర్లు జుట్టు కత్తిరిపిచ్చుకొని పోయేటప్పుడు ఇచ్చి పోతరు. లీవుకు పోంగ సంచిల ఏస్కొని పోయిండు. గేటు కాడ సెక్యూరిటోడు చూసి సెల్యూట్ కొట్టిండు గని గుంజుకోలే."

ఆ షాపాయనే ఈ ఆచారమంతా అతనికి చెప్పాడట. చేతిలో ఎలా పెడతారో, బల్లమీద ఎలా కొడతారో, గిన్నెకి తన ఉంగరం కొట్టి మరీ చూపించాడు.

"అన్నయ్యగారికి ఈ సంగతి తెలియదేమో," అన్నారు మీ తాతయ్య.

"ఆయనకు తెల్వదా! మన లీవు కాయితాలు ఏడ ఆగినయో గదొక్కటే తెల్వదు ఆయనకు. మిగిలినయన్ని తెలుసు. పోయి అడుగు అన్నా."

"ముందు ఆ ముద్ద తిను, పులుసు చల్లారిపోతోంది," అన్నారు మీ తాతయ్య. కానీ ఆ తర్వాత రెండు మూడుసార్లు ఎడమ అరచేతి వంక చూసుకున్నారు. నేను చూశాను.

తర్వాతి శుక్రవారం చర్చి బయట అడిగారు. నేను పక్కనే ఉన్నాను. అంత మెల్లిగా నేను కూడా అడగలేను.

"అన్నగారూ, ఆ బిళ్ళ... అది మనం ఉంచుకోవచ్చంటండి."

"అదా? ఆఫీసులో ఇచ్చేశాను తమ్ముడూ, పెద్దవాళ్ళ దగ్గరుంది. అయినా నీ కష్టం దేవుడు చూశాడు. ఆయన చూశాక బిళ్ళెందుకు నీకు?" అని భుజం తట్టి, బైబిలు చంకలో పెట్టుకుని కారెక్కారు.

దేవుణ్ణి అడ్డం పెట్టాక మీ తాతయ్య ఇంకేం మాట్లాడతారు?

ఏళ్ళు గడిచాయి. ఈ దేశంలో రూల్సు మారాయి. పాత కంపెనీ సంతకం లేకుండానే ఇంకో కంపెనీకి మారొచ్చన్నారు. మీ తాతయ్య మారిపోయారు. ఒక పెద్ద మాల్‌లో ఏసీలు చూసే పని. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి. అన్నయ్యగారి చేతిలో మా వీసా లేదు, సెలవు లేదు, జీతం లేదు. చర్చిలో కనిపిస్తే వందనాలు చెప్పుకోవడమే మిగిలింది. ఆయన మేనేజరై అల్ ముంతజాలో పెద్ద ఫ్లాటులోకి మారారు. ఒక క్రిస్మస్‌కి మా వరసలో కూర్చునే కుటుంబాలన్నిటినీ సాయంత్రం ఇంటికి పిలిచారు.

ప్రార్థన అయింది. కేకు కోశారు. పలావు తిన్నాం. మగవాళ్ళు సోఫాల్లో, మేము భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నాం. అప్పుడు అన్నయ్యగారు కోటు జేబులోంచి ఏదో తీసి గాజుబల్ల మీద కొట్టారు. టక్!

"ఇదేంటో తెలుసా ఎవరికైనా?"

ఎవరికీ తెలియదు. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. బేస్‌లో క్లినిక్ చల్లగది ఆగిపోయిందట. లోపల మందులన్నీ పాడైపోతున్నాయట. "మనవాళ్ళు ఒక్కడు కూడా ఎక్కనన్నాడు. వాళ్ళ తప్పేముంది, అలాంటి ఎండ అది. ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుని, నేనే ఎక్కాను," అన్నారు. "సాయంత్రానికి జనరల్ వచ్చి చేతిలో ఇది పెట్టాడు."

ఆడవాళ్ళు "దేవునికి స్తోత్రం" అన్నారు.

నేను మీ తాతయ్య వంక చూశాను. ఒళ్ళో కేకు ప్లేటు పెట్టుకుని, ఎవరో వేరేవాళ్ళ సంగతి వింటున్నట్టు వింటున్నారు.

అక్కడితో ఆపినా నేను ఊరుకునేదాన్నేమో. అన్నయ్యగారు ఆపలేదు. ఆ ఆట కూడా చెప్పారు. "నేను కొట్టానా? ఇప్పుడు అందరూ చూపించాలి. లేనివాడు అందరికీ కరక్ టీ తెప్పించాలి. ఎవరి దగ్గరుంది, ఊఁ?" అని చుట్టూ చూసి, మీ తాతయ్య దగ్గర ఆగారు. "తమ్ముడూ, నువ్వూ బేస్‌లో చేశావుగా అన్నేళ్ళు! నీకొక్కటీ ఇవ్వలేదా? అయ్యో! అయితే ఓడిపోయింది నువ్వే. పద పద, కింద మలయాళీ షాపులో కరక్ చెప్పు అందరికీ."

గది గదంతా నవ్వింది. మీ తాతయ్య కూడా నవ్వారు. ప్లేటు పక్కన పెట్టి, చెప్పులేసుకుని, లిఫ్టు దగ్గరికి వెళ్ళిపోయారు. తన బిళ్ళ తన దగ్గర లేనందుకు, అది ఎవరి దగ్గరుందో వాళ్ళకి టీ తేవడానికి.

నేను లేచి సోఫాల దగ్గరికి వెళ్ళాను.

"అన్నయ్యగారూ, అది ఒకసారి చూడొచ్చా?"

"ఏంటి చెల్లెమ్మా? వినబడలేదు, కొంచెం గట్టిగా..."

"ఆ బిళ్ళ. చూస్తాను."

"చూడు, చూడు. చూస్తే అరిగిపోతుందా!" అని ఇచ్చారు.

ఆయన జేబు వేడి ఇంకా దానికి ఉంది. తిప్పి చూశాను. కర్ర, కర్రకి చుట్టుకుని పాములు. మీ అమ్మ నర్సింగ్ చదివేటప్పుడు బ్యాడ్జీ మీద ఉండే గుర్తు అది. డాక్టరు ఇచ్చే బిళ్ళ, జనరల్ ఇచ్చేది కాదు.

"ఏ చేత్తో తీసుకున్నారండీ?" అన్నాను.

"ఏ చేత్తో ఏమిటి చెల్లెమ్మా! కుడిచేత్తోనే. షేక్‌హ్యాండు ఎడమచేత్తో ఇస్తారా ఎక్కడైనా?"

మళ్ళీ అందరూ నవ్వారు. "పాపం, ఆవిడకి షేక్‌హ్యాండ్లు అలవాటు లేదులే," అంది అన్నయ్యగారి భార్య. నేను బిళ్ళ తిరిగి ఇవ్వలేదు. గుప్పిట్లో పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను.

మీ తాతయ్య అట్టముక్క మీద కరక్ కప్పులు పేర్చుకుని వచ్చారు. అది బల్లమీద పెట్టేదాకా ఆగాను. అప్పుడు ఆయన ఎదురుగా నిలబడి చెయ్యి చాచాను. అన్నేళ్ళ కాపురంలో నేను ఆయనకి షేక్‌హ్యాండ్ ఇచ్చింది అదే మొదలు, అదే ఆఖరు. ఆయనకి అర్థంకాలేదు. కుడిచెయ్యి ఎత్తబోయారు. ఆ చెయ్యి అప్పటికీ పూర్తిగా ముడుచుకునేది కాదు, ఆ మచ్చ దగ్గర చర్మం పట్టేసేది. నేను దాన్ని వదిలేసి ఎడమచెయ్యి పట్టుకున్నాను. రెండు చేతులా పట్టుకున్నాను. బిళ్ళ వదిలాను.

"ఇలా ఇచ్చారు కదండీ మీకు," అన్నాను.

నా గొంతు పెద్దది కాదు. కానీ ఆ గదిలో అప్పుడు ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అందరికీ వినబడింది.

అన్నయ్యగారి మొహం చూశాను నేను. దాన్ని చూడటానికే అన్నేళ్ళూ బతికాననిపించింది నాకు ఆ క్షణం. ఆయన భార్య కేకు ముక్కలు సర్దడం మొదలుపెట్టింది.

మీ తాతయ్య చెయ్యి తెరిచి చూసుకున్నారు. పాముల వైపు చూశారు, వెనక్కి తిప్పి అటువైపూ చూశారు. బొటనవేలితో అంచు చుట్టూ ఒకసారి రాశారు. తర్వాత ఒక కరక్ కప్పు తీసుకుని, అన్నయ్యగారి దగ్గరికి నడిచి, కప్పు ఆయన ముందు పెట్టి, కప్పు పక్కన బిళ్ళ పెట్టారు.

"ఇదిగోండి అన్నగారూ, మీది. చల్లారకముందే తాగండి."

నేను చెప్పులేసుకుని బయటికొచ్చేశాను.

ఇద్దరం నడిచే వచ్చాం. ముంతజా నుంచి మా ఇల్లు పెద్ద దూరం కాదు. దారి పొడుగునా అడిగాను. మెల్లిగా అడిగాను, గట్టిగా అడిగాను. నేను అడుగుతుంటే ఆ రోడ్డు మీద దుకాణాలవాళ్ళు తిరిగి చూశారంటే, ఎంత గట్టిగా అడిగానో మీరే ఊహించుకోండి.

"ఎందుకిచ్చేశారండీ?"

"యాలకులు మరీ ఎక్కువేశాడు కరక్‌లో," అన్నారు మీ తాతయ్య.

ఆ తర్వాత కూడా అడిగాను. జాకెట్లు కుడుతూ అడిగాను, అన్నం పెడుతూ అడిగాను. ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పేవారు: ఫ్యానులో చప్పుడొస్తోందని, మీ మావయ్య ఇంకా రాలేదని. జగిత్యాల ఆయన లీవు నుంచి వచ్చి సంగతి విని తల పట్టుకున్నాడు. "రెండుసార్లిచ్చినవా అన్నా! ఒకసారంటే తెల్వక ఇచ్చినవ్, సరే. ఇప్పుడేమైంది?" అన్నాడు. దానికి మీ తాతయ్య ఏమన్నారో తెలుసా? "నీ క్యాంప్ రూములో ఏసీ బాగుందా ఇప్పుడు?" అన్నారు.

భయమా? అన్నయ్యగారి దగ్గర మాది ఏమీ లేదని ముందే చెప్పాను. గేటు లేదు, సంచి విప్పేవాడు లేడు. మంచితనం అన్నారు చర్చివాళ్ళు. ఆ సంగతి తెలిసి పాస్టరుగారు, "ఆయన క్షమించాడమ్మా, నువ్వూ క్షమించు," అన్నారు. క్షమించినవాళ్ళని నేను చూశాను. వాళ్ళు టీవీ ముందు కూర్చుని కుడి అరచేతి మచ్చని ఎడమ బొటనవేలితో అలా రుద్దుకుంటూ ఉండరు. అక్కరలేదనుకున్నారు అందామంటే, అక్కరలేనివాడు అంచు చుట్టూ అలా ఎందుకు రాసి చూసుకుంటాడు?

మీ తాతయ్య పోయినప్పుడు మీరు విమానం దొరక్క రాలేకపోయారు. ఆయన్ని మన ఊరు పంపేముందు ఇక్కడ ప్రార్థన పెట్టారు. అన్నయ్యగారు వచ్చారు. పెట్టె దగ్గర చాలాసేపు తల వంచుకుని నిలబడ్డారు. చెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది. నేను ఎదురుగా కూర్చుని ఆ చేతినే చూస్తున్నాను. లోపల ఏదో పట్టుకున్నట్టు కదిలింది. తీస్తారనుకున్నాను. రుమాలు తీసి మొహం తుడుచుకుని, "మంచి మనిషి," అని చెప్పి వెళ్ళిపోయారు.

కాబట్టి నాన్నా, మీ క్లాసులో మళ్ళీ అడిగితే, బిళ్ళ అల్ ముంతజాలో ఒకాయన కోటు జేబులో ఉందని చెప్పు. మా తాతయ్యకి ఎడమచేతిలో పెట్టి ఇచ్చారని చెప్పు. ఆ పిల్లాడు తన కాయిన్ బల్లమీద కొడితే, నువ్వు ఓడిపోయినట్టు కాదు. ఎవరికీ ఏమీ కొనిపెట్టకు.

ఎందుకు ఇచ్చేశారని మాత్రం నన్ను అడగకు. అది నేను అడగాల్సిన ప్రశ్న. రోజూ అడుగుతున్నాను, గోడ మీద ఫోటో దగ్గర నిలబడి, ఈ చిన్న గొంతుతోనే: ఏవండీ, నేను తెచ్చి మీ చేతిలో పెట్టాను కదా, ఎందుకు ఇచ్చేశారు?